ఇంటి కాటా

నాకు పెద్దదిక్కయిన అక్కయ్యకి,

నువ్వు ఫోను చేస్తే ఎత్తలేదని కోపం పెట్టుకోకు. ఎత్తితే అరవాలి. అరిచినా నీకు సగమే వినపడుతుంది, మిగతా సగం వీధికంతటికీ వినపడుతుంది. మా ఇల్లు నీకు తెలుసుగా, వంటగదిలో తుమ్మితే ముందుగదిలోంచి చిరంజీవ అంటారు. పిల్ల వినే చోట పిల్ల సంగతి ఎలా చెప్పను? అందుకే కాగితం పట్టుకున్నాను.

మన పిడుగు ఓడిపోయింది. నిజానికి ఓడిపోవడం కూడా కాదు. ఓడినవాళ్ళకి చివరనైనా ఒక స్థానం ఉంటుంది, దీనికి అదీ లేదు. బరువులెత్తే పోటీలో మొదటి రకం ఎత్తుకి మూడు అవకాశాలిస్తారు. మూడూ పోతే ఇంక అంతే, రెండో రకానికి పిలవరు. మొదటిసారి బార్ తల మీదికి వెళ్ళింది, నిలబెట్టేసిందనుకున్నాను, అంతలోనే వెనక్కి వదిలేసింది. రెండోసారీ అంతే. మూడోసారి బార్ మోకాళ్ళు దాటనే లేదు. వదిలేసి, సుద్దపొడి అంటిన అరచేతులు చూసుకుంటూ నిలబడిపోయింది. ఎవరో వచ్చి భుజం పట్టి పక్కకి తీసుకెళ్ళాల్సి వచ్చింది. ఇంట్లో రోజూ ఎత్తే బరువే అక్కయ్యా, కొత్తదేం కాదు.

తిరుగు బస్సులో కోచ్ నా పక్క సీటులో కూర్చుని, "ఒంట్లో పస లేదమ్మా పిల్లకి. ఏం పెడుతున్నారు ఇంట్లో?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "మీరు పెట్టమన్నదే పెడుతున్నాం, మీరు వద్దన్నది మానేశాం" అన్నాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. పిడుగు వెనకసీటులో తల మీద టవల్ కప్పుకుంది. నిద్రపోతోందో ఏడుస్తోందో చూసే ధైర్యం నాకు లేకపోయింది.

ఇప్పుడు ఇంట్లో ఉలుకూ పలుకూ లేదు. బళ్ళోకి వెళ్తుంది, వస్తుంది, గోడకి తిరిగి పడుకుంటుంది. శిక్షణకి వెళ్ళడం లేదు. నిన్న బూట్లు తుడిచి సంచిలో పెట్టి, "ఇవి కోచ్‌కి ఇచ్చెయ్యమ్మా, ఎవరికైనా పనికొస్తాయి. నా చేతుల్లో ఏం లేదు, ఊరికే ఇన్నాళ్ళు అందరినీ తిప్పాను" అంది. వచ్చే నెల మళ్ళీ ఎంపికలున్నాయి. అప్పటిదాకా పేరు కొట్టెయ్యనన్నాడు కోచ్. ఆ తర్వాత ఆయన మాత్రం ఏం చేస్తాడు?

నేను ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతూ అదే ఆలోచిస్తుంటాను. బ్లీచింగు నీళ్ళకి వేళ్ళ సందులు పగిలాయి. ఇంటికొస్తే పిల్ల మొహం అలా, మీ మరిది మొహం ఇలా. నాకు అలుపొచ్చేసిందక్కయ్యా. గెలిచి ఉంటే కూడా ఈ అలుపు పోయేది కాదేమోననిపిస్తోంది.

నీ చెల్లెలు

అక్కయ్యా,

నీ ఉత్తరం అందింది. "ఆడపిల్లకి ఆ ఇనుము మొయ్యడం దేనికని నేను మొదట్లోనే అన్నాను" అని రాశావు. అన్నావు, నిజమే. నువ్వు మొదట్లోనే అనని సంగతి ఈ భూమ్మీద ఒకటి చూపించు, నీకు దండం పెడతాను. కానీ ఇప్పుడు జరిగింది నువ్వు కూడా ముందే అని ఉండవు.

మీ మరిదిని వీధిలో అంతా కాటా మేస్త్రి అంటారని నీకు తెలుసు. దుకాణాల కాటాలు, గోదాముల కాటాలు, అన్నీ ఆయనే సరిచేస్తాడు. ఒకసారి ఒక కొట్టువాడు ముల్లు కాస్త తనవైపు తిప్పమంటే, సంచి సర్దుకుని వచ్చేసి, మళ్ళీ ఆ వీధే తొక్కలేదు. అందుకే మా స్నానాలగది గుమ్మం పక్కనున్న కాటా అంటే అందరికీ అంత నమ్మకం. శిక్షణ కేంద్రంలో కాటా ఉంది కానీ దాని ముల్లు ఎక్కడపడితే అక్కడ ఇరుక్కుంటుంది. "మేస్త్రి ఇంటి కాటా ఉండగా ఇదెందుకు?" అని కోచే అనేవాడు. పిడుగు పోటీ పడే తరగతిలో నలభై తొమ్మిది కిలోలు దాటకూడదు. అంచేత రోజూ పొద్దున్నే కాటా ఎక్కడం, లోపల్నించి నేను, బయటనుంచి ఆయన "ఎంత?" అని అడగడం. ఇంట్లో తెల్లారేదే ఆ మాటతో.

మొన్న నేను అన్నం డబ్బా మరచిపోతే పిడుగు లాండ్రీకి తెచ్చి ఇచ్చింది. మా దగ్గర దుప్పట్ల మూటలు తూచి మిషనులో వేస్తాం, ఎక్కువైతే మొరాయిస్తుంది. మాతో పనిచేసే ఆవిడ సరదాకి దాన్ని లాగి, "నువ్వెంత మూటవో చూద్దాం రా" అని ఆ కాటా ఎక్కించింది. నలభై ఎనిమిది చూపించింది. ఆ పొద్దున్నే ఇంట్లో నలభై తొమ్మిదిన్నర. అది ముల్లు చూసి, దిగి వెళ్ళిపోయింది.

మా లాండ్రీ కాటాయే పాడైందనుకుని సూపర్‌వైజరుకి చెప్పి మీ మరిదిని పిలిపించాను. తూకపు రాళ్ళ పెట్టె తెచ్చి ఒక్కొక్కటీ పెట్టి చూశాడు.

"బాగానే ఉంది" అన్నాడు.

"బాగుంటే ఇంట్లో అంత, ఇక్కడ ఇంతా ఎలా వచ్చిందండీ?"

రాళ్ళని గుడ్డలో చుట్టి పెట్టెలో సర్దడానికి ఎప్పుడూ పట్టనంతసేపు పట్టింది. తేలుకుట్టిన దొంగలా నా మొహం చూడకుండా వెళ్ళిపోయాడు.

సాయంత్రం మేడ మీద బట్టలు తీస్తుంటే వచ్చి చెప్పాడు. పోటీకి ఎంపికైన దగ్గర్నించి ఇంటి కాటా ఎక్కువ చూపించేలా ఆయనే తిప్పుతూ వచ్చాడట. ఒక్కసారిగా కాదు, ఎవరికీ తెలియకుండా కొంచెం కొంచెంగా, కిలోన్నర దాకా.

"అక్కడ రవ్వంత ఎక్కువ తూగినా బయటికి పంపేస్తారే. పిల్ల ఏడాది కష్టం బూడిదలో పోసిన పన్నీరైపోతుంది. గడియారం పది నిమిషాలు ముందుకి తిప్పి పెట్టుకోమూ, అలా అనుకున్నా" అన్నాడు.

"గడియారం తిప్పితే ఇంట్లో అందరికీ చెప్తాం కదండీ" అన్నాను.

కంచే చేను మేసిందంటే ఇదేనక్కయ్యా. ఊరందరి కాటాలతో నిజం చెప్పించినవాడు ఇంట్లో కాటాకి అబద్ధం నేర్పాడు. తిట్టాలనే నోరు తెరిచాను. కానీ ఆ మనిషి మొహం చూస్తే తిట్టడానికి కూడా చోటు లేదు. పైగా నా చేతులేం శుభ్రం? ఆయన తిప్పిన ముల్లు చూసి దాని కంచంలో అన్నం వెనక్కి తీసింది నేనే కదా. కోచ్ ఇంకో అరకిలో తగ్గితే మంచిదన్నాడు. ముందురోజు అది తనంతట తానే నీళ్ళు కూడా మానేసింది. తలా ఒక చెయ్యి వేసి ఆకలితో ఉన్న పిల్లని ఆ బార్ ముందు నిలబెట్టాం.

దానికి చెప్పొద్దంటాడు మీ మరిది. "కాటా సరిచేసేస్తా, మళ్ళీ తిండి పెడదాం, మెల్లిగా అదే పుంజుకుంటుంది. నేను చేశానని తెలిస్తే జన్మలో నన్ను నమ్మదు" అంటాడు. చెప్పకపోతే తన చేతుల్లోనే బలం లేదనుకుని శాశ్వతంగా మానేస్తుంది. చెప్తే తండ్రి పోతాడు దానికి. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. రెండు పూటలుగా ఆయన సరిగా తినలేదు. తినమని నేనూ అనలేదు.

నీ జవాబు వచ్చేదాకా ఆగను. ఆయన సెలవురోజున, ఆయన ఎదురుగానే దానికి చెప్పేస్తాను. తప్పు చేస్తున్నానంటే తర్వాత తిట్టు, నీకది అలవాటేగా.

ఎటూ తోచని చెల్లెలు

పెద్దమ్మా,

ఈసారి ఉత్తరం నేను రాస్తున్నాను. అమ్మ వేళ్ళకి మందు రాసుకుని పడుకుంది, కలం పట్టుకోలేనంది. "జరిగింది జరిగినట్టు రాయి, మీ పెద్దమ్మకి నా మాట మీద ఎలాగూ నమ్మకం లేదు" అంది. అమ్మ రాసినవి నేను చదవలేదు. పక్కవాళ్ళ ఉత్తరాలు చదివే అలవాటు మీ చెల్లెలికే ఉంది, నాకు లేదు.

నిన్న మధ్యాహ్నం ఇద్దరూ నన్ను మంచం మీద కూర్చోబెట్టి చెప్పారు. చెప్పింది అమ్మ. నాన్న గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. అంతా అయ్యాక అమ్మ, "నీ చేతుల తప్పు కాదే, మా తప్పు" అంది.

నేను "కాటా తప్పని నాకు తెలుసు" అన్నాను.

అదేమిటో వాళ్ళిద్దరికీ తట్టనే లేదు పెద్దమ్మా. పోటీ రోజు పొద్దున్న అధికారులు నన్ను తూచారు కదా. వాళ్ళు నలభై ఆరు చిల్లర అని గట్టిగా చదివారు. ఇంటి కాటా లెక్కన నేను ఉండాల్సింది నలభై ఎనిమిది పైన. కోచ్ నా వైపు చూసి, "ఇంత తగ్గమని నీకెవరు చెప్పారు?" అన్నాడు. ఆ క్షణంలోనే నాకు అర్థమైంది, ఇంటి కాటా తప్పు చూపిస్తోందని. అమ్మ వాళ్ళ లాండ్రీలో ఎక్కింది కూడా సరదాకి కాదు, ఇంకోసారి చూసుకుందామనే.

మరెందుకు చెప్పలేదని అమ్మ అరిచింది. ఎందుకంటే అది దానంతటదే పాడైందనుకున్నాను. వీధి చివరి కొట్టు దగ్గర తూకం మీద గొడవైతే, "కాటా మేస్త్రిని పిలవండి" అంటారు. ఆయన వచ్చి చెప్పిందే మాట. అలాంటి నాన్న ఇంట్లో కాటా పాడైతే చూసుకోలేదని, దానివల్ల కూతురు పోటీ పోయిందని తెలిస్తే ఆయన మళ్ళీ రాళ్ళపెట్టె ముట్టుకుంటాడా? నా చేతులు బాగాలేవంటే నా ఒక్కదానితో పోతుంది. అందుకే బూట్లు ఇచ్చేస్తానన్నాను. అది నాకు పెద్ద కష్టంగా కూడా అనిపించలేదు, అప్పటికే అంత నీరసంగా ఉంది.

కానీ ఆయనే కావాలని చేశాడని నాకు తెలియదు. అది విన్నాక మాత్రం కోపం ఆగలేదు. "తిండి తగ్గించేకొద్దీ ముల్లు పైకి పోయేది నాన్నా. రాత్రి ఒక గుడ్డు మానేస్తే పొద్దున్నకి పెరిగేదాన్ని. నా ఒళ్ళే నాకు ఎదురుతిరిగిందనుకున్నా. స్నానాలగదిలో నల్లా తిప్పుకుని ఏడ్చేదాన్ని, అది నీకు వినపడలేదా?" అన్నాను. "మీరిద్దరూ ఎంత అని అడిగేవాళ్ళు. బయటినుంచి ఒకళ్ళు, లోపల్నించి ఒకళ్ళు. ఇన్ని నెలల్లో తిన్నావా అని ఒక్కరోజైనా అడిగారా?" అన్నాను. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అనేశాక అనకుండా ఉంటే బాగుండేదనిపించింది, కానీ అది నిజమే కదా పెద్దమ్మా.

నాన్న వెళ్ళి రాళ్ళపెట్టె తెచ్చాడు. కాటాని గది మధ్యలోకి లాగి, కింద కూర్చుని పైమూత విప్పాడు. ఎప్పుడూ ఒక్క తిప్పుతో విప్పే స్క్రూ, నిన్న చేతిలోంచి రెండుసార్లు జారింది. నాకు కోపం తగ్గలేదు, అయినా లేచి వెళ్ళి రాళ్ళు నేను ఎత్తి పెట్టాను. ఆయన లోపల తిప్పడం, నేను ఒక్కో రాయీ పెట్టడం. చివరికి ముల్లు సరిగ్గా గీత మీద ఆగింది. "చూసుకో" అన్నాడు. చూశాను. రాళ్ళు తీసి మళ్ళీ పెట్టి ఇంకోసారి చూశాను. ఆయన ఏమీ అనుకోలేదు.

ఎంపికలకి పేరు ఉంచమని ఈ పొద్దున కోచ్‌కి చెప్పాను. కాకపోతే పై తరగతిలో. అక్కడి అమ్మాయిలు నాకంటే చాలా బలమైనవాళ్ళు, ఏడాదిపాటు చివర్లోనే ఉంటానని ఆయన ముందే చెప్పేశాడు. ఉంటాను. కడుపునిండా తిని ఓడిపోతే ఎలా ఉంటుందో కూడా చూడాలి కదా. కేంద్రంలో ఆ పాత కాటాని వచ్చి బాగుచేయాలని నాన్నకి కూడా చెప్పాను, ఇంటి కాటా ఇంక నేనెక్కను.

పొద్దున కేంద్రానికి బూట్లు కట్టుకుని బయల్దేరుతుంటే నాన్న అలవాటుకొద్దీ స్నానాలగది గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు. కొత్తగా నేర్చుకున్న మాటలా మెల్లిగా అడిగాడు, "తిన్నావా?"

"ఇంకా లేదు నాన్నా" అన్నాను. అయితే కూర్చోమని, ఆయనే కంచం తెచ్చాడు.

నీ పిడుగు