ఎర్రగాజు గిన్నె వెల

రాజాం,
14 ఆగస్టు 2024

చిరంజీవి హేమకు,

నాన్న గంగరాజు దీవెనలు. నేనూ అమ్మా కులాసా. విజయనగరంలో నువ్వూ, నీ పాత గాజు సామాన్ల కొట్టూ చల్లగా ఉన్నారని తలుస్తాను. రోజూ ఫోనులో మాట్లాడుతూ మళ్ళీ ఉత్తరమేమిటని నవ్వకు. ఈ సంగతి చెబుదామని రెండుసార్లు ఫోను చేసి, వానల గురించి మాట్లాడి పెట్టేశాను.

పోయిన శనివారం నీ కొట్టుకి ఎర్రగాజు గిన్నె తెచ్చిన ఆవిడ గుర్తుందా? ఆవిడ పేరు అసిరమ్మ, చేపలమ్ముతుంది. నువ్వు అక్కడికి వెళ్ళాక మన వీధికి వచ్చింది కనుక నీకు తెలియదు. బస్సు దిగి తిన్నగా మనింటికే వచ్చి, అరుగు మీద కూలబడి చెప్పింది.

“ఆ పిల్ల గిన్నిని సంటిపిల్లనెత్తినట్టు ఎత్తినాది బావా. గోరుతో అంచంతా తడిమినాది. బోర్లించి అడుగు సూసినాది. ‘ఈ సన్నగీతలు సూడు పిన్నీ, ఏళ్ళ తరబడి వాడితేనే పడతాయి, కొత్తదానికి ఉండవు’ అన్నాది. నాకేటి తెల్దు, రెండొందలిస్తే ఇచ్చేసి పోతానన్నాను. ఒప్పుకోనేదు. ఇది ఎనిమిది వేలు సేస్తాదట. అంచు కాడ పెచ్చు ఊడిపోనాది గానీ, నేకపోతే పది పలుకును అన్నాది. అవసరం నేకపోతే అమ్మకు పిన్నీ అని దూదిలో సుట్టి మళ్ళీ నా సేతికే ఇచ్చినాది.”

వెల రాసి నువ్విచ్చిన చీటీని కూడా చూపించింది. నీ అక్షరాలు చదివి అమ్మ కళ్ళు తుడుచుకుంది.

అలాంటి గిన్నె కోసం హైదరాబాదు ఆసామీ ఒకడు ఏడాదిగా నిన్ను అడుగుతున్నాడని నాకు తెలుసు. అది రెండొందలకి నీ చేతిలోకి వచ్చింది. చూసేవాళ్ళు లేరు, అడిగేవాళ్ళు లేరు. అయినా ఉన్న వెలే చెప్పావు.

నేను ముప్పై ఏళ్ళు తోపుడు బండి మీద పాత సామాన్లు కొన్నాను. రంగుగాజుకి తుక్కు కొట్టులో ధర పలకదని, పగలగొట్టి బస్తాల్లో కుక్కేవాణ్ణి. నువ్వు అందులోంచి ఒక నీలం సీసా ఏరి కడిగి దాచుకుంటే, పనికిమాలిన పని అని తిట్టాను. ఆ సీసా దగ్గర మొదలుపెట్టి ఏ గాజు పాతదో, ఏది పాతదానిలా పోత పోసిన కొత్తదో చెప్పగలిగేదాకా వచ్చావు. ఎవరూ నేర్పలేదు. నేను అసలే నేర్పలేదు. ఇప్పుడు టీ కొట్టు దగ్గర నన్ను తుక్కు గంగరాజు అనడం మానేశారు. హేమ వాళ్ళ నాన్న అంటున్నారు. ఆ మాట ఇంకోసారి వినాలని నిన్న రెండో టీ కూడా తాగాను.

వేళకి తిను. పెద్ద పెట్టెలు ఒక్కదానివే ఎత్తకు.

నీ పేరుతో పిలిపించుకుంటున్న
నాన్న

తా.క. ఆ గిన్నె అసిరమ్మది కాదు. నేనే ఇచ్చి పంపాను. నాది అనడానికి కూడా లేదు. నువ్వు పుట్టకముందు నరసన్నపేటలో గున్నమ్మ అనే ముసలావిడ దగ్గర కొన్నాను. బంగారు అంచు చూసి ఖరీదైనదని తెలిసీ, వట్టి తుక్కని అబద్ధమాడి ఇరవై రూపాయలిచ్చాను. ఆవిడ ఆ నోటు కళ్ళకద్దుకుంది. తర్వాత దాన్ని అమ్మడానికి నాకు చెయ్యి రాలేదు. ఇన్నేళ్ళూ అటక మీదే ఉంది. నా నాలుక నీకూ వచ్చిందేమోనన్న భయంతో నిన్ను పరీక్షించాను, తప్పే. రాలేదమ్మా. గున్నమ్మ పోయింది, కూతురు ఈశ్వరి ఆ ఇంట్లోనే ఉంటోంది. ఆదివారం గిన్నె తిరిగిచ్చెయ్యడానికి వెళ్తున్నాను, నువ్వూ రా. చేసిన తప్పు నేను చెప్పుకుంటాను. వెల మాత్రం నువ్వే చెప్పాలి. నా మాట ఆ ఇంట్లో చెల్లదు.