మార్తమ్మ క్యాలెండర్

మంగళవారం, నరసరావుపేట.

పక్కింటి మార్తమ్మకు తోడుగా ఇవాళ కోర్టుకెళ్లాను. "మొగుడు ఏయే రోజు కొట్టాడో రాసిపెట్టుకున్నావా ఏందమ్మా?" అని ఆమె మొగుడి తరఫు వకీలు ఎగతాళి చేశాడు. ఆమె సంచిలోంచి గోడ క్యాలెండర్ తీసింది.

"రాసుకున్నానండీ. ఇంటూ పెట్టిన రోజు నన్ను కొట్టాడు. సున్నా చుట్టిన రోజు బిడ్డని."

ఎంత దిటవు మనిషి!

ఆ గుర్తులు ఆమె వంటింట్లో ఎన్నిసార్లు చూశానో. నాలాగే పాలు రాని రోజులకు పెట్టుకుందనుకున్నాను. "మీ పాలోడు చానా నాగాలు పెడుతున్నాడే" అన్నాను కూడా. ఆమె నవ్వేసింది.

"గోడవతల మా ఏడుపులు విన్నావుగా అక్కా, వచ్చే వాయిదాకి సాక్ష్యం చెప్తావా?" అని బస్సులో అడిగింది. విన్నాను, నిజమే. మా ఆయన "మనకెందుకే" అంటున్నారు. ఆమెలా నేను చెప్పగలనో లేదో...

వాయిదా తారీఖు మా క్యాలెండర్లో ఎర్రగా చుట్టాను, ఆయనకు కనపడేలాగే.