ఆమెన్ దాకా ఆగని కారు

అమ్మా,
దేవుని దయవల్ల ఉద్యోగం పోలేదు, దిగులు పడకు.

అయ్యగారి పాత కారు కరెంటూ పెట్రోలూ రెండూ తాగుతుంది. బరువుగా కదిలినా ఘాటీ ఎక్కేటప్పుడు ఇంజను అందుకుంటుంది. కొత్తది ఒట్టి కరెంటుది. చప్పుడుండదు, కాలు ఆనిస్తే దూకుతుంది. ఆదివారం మనూరి పాస్టరుగారు కొత్త కారును దీవించడానికొచ్చి, దాని ముందు నిలబడి, కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తున్నారు. కారు ఆపేశాననుకుని సీట్లో నేనూ తల వంచాను. కాలు ఆనింది. ఆయన పూలకుండీల్లో పడ్డారు. దెబ్బల్లేవు.

"ఒరే సంజయ్, ఆ పాతదైతే ఆమెన్ దాకా ఆగీది కదరా! దీనికేటి అంత తొందర?" అన్నారు.

నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? ఎండు నెత్తళ్లు పంపు.

పాస్టరుగారిప్పుడు కార్ల వెనక నిలబడి, కళ్లు తెరిచే ప్రార్థిస్తున్నారు. నాకోసం నువ్వు మాత్రం కళ్లు మూసుకునే చెయ్యి.

నీ సంజయ్