తోడల్లుడి డెక్కు కింద నీళ్ళు

పురపాలక సంఘం ఇంజనీరు గారి సముఖమునకు,

వెనక వీధి చివరి ఇంటి కింది వాటాలో కాపురముండి, పుస్తకాల బైండింగు పని చేసుకొని బతుకు వ్యక్తి రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా ఇంటి పై వాటాకు చేర్చి కట్టిన చెక్క డెక్కును తొలగించమని గతంలో నేనే పెట్టుకొన్న అర్జీపై తమరు ఎట్టకేలకు చర్య తీసుకొనుట గురించి, అట్టి చర్యను దయతో ఆపుట గురించి.

1. పై వాటాలో ఉండునది నా తోడల్లుడు. అనగా ఆయన భార్యా నా భార్యా స్వయానా అక్కచెల్లెళ్ళు. ఇల్లు మా మామగారిది. ఆయన పోతూ పోతూ పెద్దమ్మాయికి పైది, చిన్నమ్మాయికి కిందది రాసిపోయాడు. పెరడు ఎవరిదో రాయడం మరిచిపోయాడు. నా తోడల్లుడు ఒక పెద్ద హోటల్లో రిసెప్షన్ ఉద్యోగం చేయుచున్నాడు. వచ్చేవారికీ పోయేవారికీ నవ్వుతూ నమస్కారాలు పెట్టి పెట్టి, ఇంట్లో తిట్టినా నవ్వే అలవాటు పడిపోయింది. ఆ హోటల్లో ఆరుబయట చెక్క పలకలతో వేసిన డెక్కు చూసి మనసు పారేసుకొని, అలాంటిదే తమ వెనక గుమ్మానికి ఎదురుగా, మా పెరట్లో స్తంభాలు పాతి కట్టించాడు. స్తంభాలు నిలబెట్టిన రోజున నిచ్చెన పట్టుకొన్నది నేనే. నా మొదటి అర్జీలో ఈ సంగతి చోటు చాలక రాయలేదు.

2. డెక్కు వల్ల మొదట నాకు మేలే జరిగినది. కింద చక్కటి నీడ పడింది. ఇంటిలోపల చీకటి గదిలో ఉన్న నా పని బల్ల, జిగురు డబ్బా, కోత మిషను, అట్టల కట్టలు అన్నీ ఆ నీడలోకి మార్చుకొన్నాను. గాలి, వెలుతురు, పైనుంచి వదిన గాజుల చప్పుడు. పని హాయిగా సాగింది. కింద నా భార్య మిరపకాయలు తుంచుతుంటే పైనుంచి వాళ్ళక్క పలకల సందుల్లోంచి కబుర్లు చెప్పేది. నేను ఏ పుస్తకం కుడుతున్నానో మర్చిపోయి వినేవాణ్ణి.

3. తరువాత వాన వచ్చింది.

4. డెక్కు పలకలకూ పలకలకూ మధ్య వేలు దూరేంత సందులున్న సంగతి అప్పటివరకు నేను గాలి కోణం నుంచే ఆలోచించాను గానీ నీటి కోణం నుంచి ఆలోచించలేదు. వాన సన్నటి తెరలు తెరలుగా నా బల్ల మీదికి దిగింది. ఆ సమయమున బల్ల మీద ఒక వకీలు గారి చట్టాల పుస్తకాలు ఆరబెట్టి ఉన్నవి. వాటి మీద వరసగా చారలు పడ్డాయి. వకీలు గారు వచ్చి ఒకదాన్ని తిరగేసి, “బైండరూ, ఇది పుస్తకమా, చారల గుర్రమా?” అన్నారు. ఆపైన ఆయన గానీ, ఆయన స్నేహితులు గానీ నా గుమ్మం తొక్కలేదు.

నేను పైకెళ్ళి తోడల్లుణ్ణి అడిగాను.

“అన్నయ్యా, ఆ సందులెందుకు పెట్టించావు?”

“చెక్క ఊపిరి పీల్చుకోవాలి తమ్ముడూ” అన్నాడు నవ్వుతూ.

“చెక్క ఊపిరి పీలిస్తే నా ఊపిరి పోతోంది.”

“వాన నేను కురిపించానా?”

“సందులు నువ్వు పెట్టించావు కదా!”

ఇక్కడితో ఆగితే ఇద్దరు మగవాళ్ళ మాటలు గనుక సాయంత్రానికి చల్లారేవి. కానీ నా భార్య వెనకాలే వచ్చి, “మీ వాన మీరే ఉంచుకోండి, మా నెత్తిన పొయ్యకండి” అన్నది. దానికి వదిన, “మా డెక్కు నీడ మాత్రం ఊరికే కావాలి, నీళ్ళు మాత్రం వద్దా?” అన్నది. అయ్యా, ఆ మాటలో న్యాయం ఉన్నది. న్యాయం ఉన్న మాటకే కోపం ఎక్కువ వచ్చును. అక్కచెల్లెళ్ళకు మాటలు ఆగిపోయాయి.

5. మాటలు ఆగాయి అనుట కూడా పూర్తి నిజము కాదు. ఒకే గేటు, ఒకే మెట్లు, మధ్యన చిల్లుల చెక్క. అందుచేత నా భార్య చీపురుతో మాట్లాడేది: “కొందరు పైన ఉన్నారు కదా, కళ్ళు నెత్తికెక్కక ఏం చేస్తాయే!” పైన వదిన బకెట్‌తో మాట్లాడేది: “కింద ఉన్నవాళ్ళ నోరు మాత్రం పైదాకా వస్తుందే!” చీపురుకూ బకెట్‌కూ మధ్య బతకడం ఎంత కష్టమో తమబోటి పెద్దలకు చెప్పనక్కరలేదు. ఈ పరిస్థితులలోనే నేను తమకు మొదటి అర్జీ పెట్టుకొన్నాను. అందులో “తక్షణం కూల్చవలెను” అని రాసినది కోపములో రాసినది. “తక్షణం” అన్న మాటను తమ కార్యాలయము అంత సీరియసుగా తీసుకోదని నమ్మి రాసితిని. చాలాకాలం నా నమ్మకం వమ్ము కాలేదు.

6. తమరి నుంచి బదులు రాకపోవడంతో నేనే డెక్కు అడుగున ఒక టార్పాలిన్ పట్టా కట్టాను. నాలుగు మూలలా తాళ్ళు లాగి కట్టాను గానీ నీళ్ళు ఎటు పోవాలో పట్టాకు చెప్పలేదు. అది పోకుండా దాచుకొంది. రాత్రి వాన పడితే పొద్దున్నకు చూలుగేదె పొట్టలా వేలాడేది. రోజూ చీపురు కర్రతో ఓ పక్కనుంచి నెమ్మదిగా పొడిచి పెరట్లోకి ఒంపేవాణ్ణి.

ఒకనాడు, ఇంకా ఒంపకముందే, తమ కార్యాలయపు తనిఖీదారు వచ్చారు. ఎండ ఫెళఫెళలాడుతోంది. ఆయన సరిగ్గా ఆ పొట్ట కిందే నిలబడి అటూ ఇటూ చూసి, “ఎక్కడయ్యా నీళ్ళు? పొడిగా ఉందిగా!” అన్నారు.

“అయ్యా, కొంచెం ఇటు జరగండి” అన్నాను.

“ఎక్కడ నిలబడాలో నాకు చెప్పకు. నేనెన్ని చూడలేదు!” అని కాగితం మీద ఏదో రాసుకొని, తల పైకెత్తి, “ఇదేమిటి?” అంటూ కలంతో పొడిచారు.

తాడు తెగింది. ఆ తరువాత జరిగినది వివరించుట మర్యాద కాదు. చప్పుడుకి తోడల్లుడు పైన పలకల సందుకు కన్ను ఆనించి, “తమ్ముడూ, వానొచ్చిందా?” అని అడిగాడు. కిందికి చూసి, ఎవరో గుర్తుపట్టి, జీవితంలో మొదటిసారి నవ్వకుండా, తువ్వాలు పట్టుకొని మెట్లు దిగి పరుగెత్తుకొచ్చాడు. హోటల్ అలవాటు కొద్దీ “స్వాగతం సార్” అన్నాడు. సందర్భము కాదని తరువాత ఆయనకే తెలిసింది.

తనిఖీదారు గారు వెళ్ళిన తరువాత మేమిద్దరం ఆ తడి నేల మీద నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకొన్నాం. ముందు ఎవరు నవ్వారో చెప్పలేను. కడుపు పట్టుకొని కూర్చుండిపోయాం. లేచేసరికి ఇద్దరం ఒక పక్షాన ఉన్నాం. “దీనికేదో శాశ్వతంగా చేయించేద్దాం తమ్ముడూ” అన్నాడు.

7. రేకుల మేస్త్రిని పిలిపించాం. ఆయన డెక్కు దూలాల మధ్య, పలకల అడుగున, ముడతల రేకులు బిగిస్తానన్నాడు. సందుల్లోంచి దిగిన నీళ్ళు రేకు మీద పడి, జారి, చివరన బిగించిన కాలువలోకి పోయి, గొట్టంలోంచి పెరటి మూలకు చేరాలి. వినడానికి బాగుంది. బిగించాడు. నీళ్ళు జారే వాటం ఎటుందో చూడకుండా బిగించాడు. ఆ సాయంత్రమే వాన పడితే నీళ్ళన్నీ బుద్ధిగా జారి మా వంటింటి కిటికీలోంచి లోపలికి వచ్చాయి. నా భార్య పొయ్యి ముందు చీలమండల లోతు నీళ్ళలో నిలబడి, “ఇంతకు ముందు పుస్తకాలే తడిసేవి” అని ఒక్క మాట అన్నది. ఆ మాటకు నేను ఆ రాత్రి భోజనం అడగలేదు.

మేస్త్రిని నిలదీస్తే, “నీళ్ళకి దారి మనం చెప్పాలాండీ, అవే పోతాయి” అన్నాడు.

“పోయాయి. మా వంటింట్లోకి పోయాయి” అన్నాను.

మరునాడు రేకులు ఊడదీసి, గోడ వైపు ఎత్తి, పెరటి వైపు దించి మళ్ళీ బిగించాలి. మేస్త్రి మేకులు కొట్టాలి. రేకు ఆ చివర నేను, ఈ చివర తోడల్లుడు నిచ్చెనల మీద నెత్తిన పెట్టుకొని మొయ్యాలి. మరి వాటం కుదిరిందో లేదో తెలిసేదెలా? పైనుంచి ఒకరు నీళ్ళు పొయ్యాలి. కింద ఒకరు ఎటు పోతున్నాయో చూడాలి. మిగిలిన మనుషులు ఇద్దరే.

వదిన పైన బకెట్‌తో నిలబడింది. నా భార్య కింద కాలువ చివర నిలబడింది. వదిన తన మొగుడితో, “పొయ్యమంటారేమో కనుక్కోండి” అన్నది. ఆయన నాతో, “పొయ్యమంటారా తమ్ముడూ?” అన్నాడు. నేను నా భార్యతో, “పొయ్యమనాలా?” అన్నాను. ఆవిడ నాతో, “ఒక్క క్షణం ఆగమనండి” అన్నది. ఆ మాట నేను తోడల్లుడికి, తోడల్లుడు వదినకు అందించేలోపు వదిన బకెట్ ఒంపేసింది. వాటం ఈసారి బాగానే కుదిరింది. నీళ్ళు పరుగున వచ్చాయి. కాలువకు చివరి మూత మాత్రం ఇంకా బిగించలేదు.

“అక్కా, ఆపవే!”

అయ్యా, తల మీద రేకు మోస్తున్నవాడు కదలరాదు. నేను కదల్లేదు. తోడల్లుడూ కదల్లేదు. మేస్త్రి సుత్తి గాలిలో ఆగిపోయింది. ఆ “అక్కా” అన్న పిలుపు మా పెరట్లో వినబడి ఏడాది దాటింది. పైన బకెట్ కింద పెట్టిన చప్పుడు వినబడింది.

“ఆపానే. తడిసావా?”

“తడవక, ఎండిపోతానా?”

“తల తుడుచుకో ముందు. అసలే నీకు ఊరికే జలుబు.”

“తువ్వాలు నీ దగ్గరేగా ఉంది!”

వదిన మెట్లు దిగి వస్తున్న చప్పుడు వినబడింది. మా ఇద్దరి నెత్తినా రేకు అలాగే ఉంది. అక్కచెల్లెళ్ళు ఇద్దరూ లోపలికి వెళ్ళిపోయారు. లోపల మొదట ఏడుపులు, తరువాత నవ్వులు, మధ్యలో మా ఇద్దరి పేర్లు వినవచ్చినవి. ఏ సందర్భములో వచ్చినవో విచారించలేదు. మేస్త్రి, “ఇంకో బకెట్ పోసి చూద్దామాండీ?” అన్నాడు. తోడల్లుడు, “ఇక వద్దు, పని అయిపోయింది” అన్నాడు.

8. ప్రస్తుత స్థితి: నీళ్ళు రేకుల మీదుగా కాలువలోకి, కాలువలోంచి గొట్టంలోకి, గొట్టంలోంచి పెరటి మూలన మేము తవ్వి ఇటుక ముక్కలూ కంకరా నింపిన గుంతలోకి పోవుచున్నవి. గుంతలోంచి నేలలోకి ఇంకుచున్నవి. వీధిలోకి చుక్క పోవుట లేదు. నా బల్ల పొడిగా ఉన్నది. రేకుల వల్ల ఒక్క నష్టమే కలిగినది. పైమాట కిందికీ, కిందిమాట పైకీ వినబడుట లేదు. కాబట్టి మాటలకు బదులు మనుషులే మెట్లెక్కి దిగవలసి వచ్చుచున్నది. నా భార్య పగలు సగం డెక్కు మీదే ఉండుచున్నది. నాకు టీ కావాలంటే పైకి వెళ్ళవలసి వచ్చుచున్నది. దీనిపై నాకు ఎట్టి అభ్యంతరమూ లేదు.

9. ఇట్టి సమయమున తమ కార్యాలయము వారు డెక్కు స్తంభానికి నోటీసు అంటించారు. ప్రమాదకరమైన కట్టడం గనుక తొలగించబడును అని ఉన్నది. అర్జీదారు కోరిక మేరకు అనియు ఉన్నది. ఆ నోటీసు ముందుగా చదివినది వదిన. కిందికి వచ్చి, నా బల్ల ముందు నిలబడి, “ఏమయ్యా మరిదీ, నీ కోరిక తీరింది” అని వెళ్ళిపోయింది. అరిచి ఉంటే బాగుండేది. నా భార్య ఆ రోజునుంచి నాతో మాట్లాడుట లేదు. చీపురుతో కూడా మాట్లాడుట లేదు. తోడల్లుడు మాత్రం నవ్వుతూనే, “ఏం చేస్తాంలే తమ్ముడూ, పలకలు దాచుకుందాం” అన్నాడు. ఆయన నవ్వు చూసి ఏడుపు రావడం నాకు ఇదే మొదలు.

10. కావున తమరిని ప్రార్థించునది ఏమనగా: నా పాత అర్జీని వెనక్కి తీసుకొనుచున్నాను. కూల్చివేత ఉత్తర్వు రద్దు చేయవలెను. రద్దుకు అధికారము చాలనిచో, వేరొక విభాగమువారి అభిప్రాయము కోరుచూ ఫైలును అక్కడికి పంపవలెను. అక్కడినుంచి ఇంకొకచోటికి పంపినను అభ్యంతరము లేదు. నా మొదటి అర్జీ పట్ల తమరు ఇన్నాళ్ళు చూపిన నిదానమును ఈ ఒక్కసారి నోటీసు పట్ల కూడా చూపవలెనని మనవి. ఆ నిదానమే లేకపోతే మా ఇంట్లో అక్కచెల్లెళ్ళు కలిసి ఉండేవారు కాదు. అందుకు తమకు రుణపడి ఉంటాము.

తమరు తీరిక చేసుకొని చిత్తగించినను, తీరిక లేక చిత్తగించకపోయినను, ఎప్పటికీ

తమ విధేయుడు,
కింది వాటా బైండరు

తా.క.: పై అర్జీ రాసి కవరు అతికించబోతుండగా తమ కూల్చివేత సిబ్బంది గునపాలతో, రంపాలతో వచ్చారు. వాళ్ళ వెనకాలే వాన కూడా వచ్చింది, జోరుగా. వీధిలో తలదాచుకొనేందుకు ఇంకెక్కడా చోటు లేక అందరూ డెక్కు కిందికే దూరారు. ప్రస్తుతం నా బల్ల చుట్టూ కూర్చొని ఉన్నారు. ఒకతను చెయ్యి చాపి చూసి, “చుక్క కూడా కారట్లేదేంటండీ! ఎవరు వేశారు?” అని అడిగాడు. నా భార్య కిటికీలోంచి, “మేమే వేశాం” అన్నది. ఆ “మేము”లో నేను కూడా ఉన్నట్లే వినబడింది. వదిన టీ గ్లాసులతో మెట్లు దిగుతోంది. ఈ అర్జీ తమకు వెంటనే అందజేయమని సిబ్బంది మేస్త్రి చేతికి ఇవ్వబోయాను గానీ, బయటికి వెళ్తే తడిసిపోతానని ఆయన ససేమిరా కదలనంటున్నాడు.