గొట్టం ఖాళీ కాలేదు

అక్కా,

ఇది బావ చేత చదివించుకుని విను. నిన్న నువ్వు, "అయిపోయిందన్నారుగా, మళ్ళీ ఎందుకు పడుకోబెట్టారే?" అని అడిగావు. అందుకే ఇది రాస్తున్నాను.

మా ల్యాబులో పెంచిన నీ ఒక్కగానొక్క పిండాన్ని సన్నని గొట్టంతో నీ గర్భంలోకి పంపాక, డాక్టరమ్మ "అయిపోయిందమ్మా" అన్నారు. నువ్వు నవ్వావు. ఆ గొట్టం ఖాళీ అయిందో లేదో మైక్రోస్కోపులో చూడడం నా పని. రోజూ ఖాళీగానే ఉంటుంది. నిన్న పిండం అందులోనే అంటుకుని ఉంది! "మేడమ్, ఆగండి, ఇక్కడే ఉంది!" అని అరిచాను.

వెంటనే మళ్ళీ పంపారు. ఈసారి గొట్టం ఖాళీ.

తాళం వేశాక లాగి చూస్తానని నన్ను "అనుమానప్పక్షీ" అని ఎగతాళి చేస్తావు. ఇక అనకు.

నిలుస్తుందో లేదో నాకూ తెలియదు. కానీ ఇప్పుడది నీలోనే ఉందక్కా.

నీ చెల్లి