కోతమిషను అప్పగింతలో అనుమానాస్పద వేగం గురించి

కోర్టు అమలు విభాగం అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మధ్యవర్తి నాకిచ్చిన తీర్పును కోర్టువారు మరీ త్వరగా అమలు చేయుచున్నందున, దయతో నిలుపుదల చేయుట గురించి.

1. నేనూ, మా ఆవిడ తమ్ముడూ కలిసి కలప కోత మిల్లు నడిపితిమి. "బావా, దుంగ మెల్లగా తొయ్యి" అని వాడు, "నువ్వు గట్టిగా లాగరా" అని నేను, మాటా మాటా పెరిగి విడిపోతిమి. షెడ్డు వాడికి, కోతమిషను నాకు అని మధ్యవర్తి తీర్పు చెప్పినారు. వాడు మిషను వదలనన్నాడు. అమలు కొరకు తమ కోర్టుకు వచ్చితిని.

2. కోర్టు అనగానే ఏళ్ళకు సరిపడా సిద్ధపడి కొత్త గొడుగు కొంటిని. (కుళాయి కొరకు అర్జీ పెట్టిన మా పెదనాన్న పోయినాక, ఆయన పేర మొన్ననే మంజూరైనది. అది వేరే కథ.) తీరా మొదటి వాయిదాకే వాడు "అభ్యంతరం లేదండి" అనేసినాడు. గొడుగు మడత విప్పకుండానే కోర్టు అమీనాగారు లారీతో దిగినారు.

3. షెడ్డు తాళం వాడే తీసినాడు. చక్రాలకు నూనె పెట్టి, దారిలో బ్లేడు విరగకుండా బిగువు కూడా సడలించి ఉంచినాడు. పగవాడు చేసే పనేనా ఇది?

"ఏం చేశావురా దీన్ని?"

"నూనె పెట్టాను బావా."

"ఎందుకు?"

"తిరగడానికి."

ఇంత సూటి జవాబు వాడు పుట్టాక ఇచ్చి ఎరుగడు. మిషను కిందికి దూరి బోల్టు బోల్టూ తడిమితిని. ఏ లోపమూ దొరకలేదు. దానితో అనుమానం రెట్టింపైనది.

"పెద్దాయనా, ఓడినాయన అప్పగింత కాగితం మీద సంతకం పెట్టాడు. గెలిచిన మీకేం నొప్పి?" అన్నారు అమీనాగారు. నేను పెట్టలేదు.

4. ఇంటికి వస్తే మా ఆవిడ, "వాడేం కుట్ర పన్నలేదు. మీతో వేగలేక వదిలించుకున్నాడు, అంతే" అన్నది. అయ్యా, ఇంతకన్న కుట్రే నయం. కోతకు ఇద్దరు కావలెను. ఇవతల తోసేవాడు, అవతల అందుకునేవాడు. దుంగలో ముడి రాబోతుంటే వాడు దాన్ని అరచేత్తో తట్టేవాడు, నేను ఆగేవాణ్ణి. ఈ వయసుకీ నా వేళ్ళన్నీ నాకే ఉన్నాయంటే అందువల్లనే. మిషను నాదన్నారు గాని, ఆ అరచేతి తట్టు ఎవరికి చెందునో మధ్యవర్తి రాయలేదు.

కావున సదరు అమలును నిలిపి, లోకంలో అందరి వ్యాజ్యాల మాదిరే నాదీ సావకాశంగా నడిపించి, వాయిదా వాయిదాకూ ఇద్దరమూ స్వయంగా హాజరు కావలెనని ఉత్తర్వు చేయ ప్రార్థన. కోర్టు వసారాలో ఇద్దరికీ కలిపి ఒక్క బెంచీ ఉన్నా చాలును.

తీరిక చూసుకొనే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
తీర్పు గెలిచినవాడు

తా.క.: వాడు మళ్ళీ "అభ్యంతరం లేదు" అంటే ఒప్పుకోకండి. ఏదో ఒకటి చెప్పమని గట్టిగా అడగండి. వాడికి నా మీద చాలానే ఉన్నాయి, నాకు తెలుసు.