జాడీలో మిగిలిన దురియన్

అమ్మా సులావ్,

మన పొడుగింట్లో అన్ని గదుల వాళ్ళం బాగానే ఉన్నాం. నువ్వు సిబు పట్నంలో పశువుల డాక్టరు దగ్గర పనిచేస్తున్నావు గనుక నిన్నే అడుగుతున్నాను. కుక్కలు దురియన్ పండు తినొచ్చా?

మీ పెదనాన్న తోటలో రాలిన మొదటి పండు చీల్చి, గింజ తీసేసి, గుజ్జు మా కుక్క బెలాంగ్‌కే పెట్టేవారు. "కాపలా కాసింది ఇది. నువ్వు గురకపెట్టావు, నీకెందుకే ముందు?" అని నన్ను ఏడిపించేవారు. పదేళ్ళు తిన్నా దానికేమీ కాలేదు.

ఆయన్ని పూడ్చి వచ్చాక ఆ కుక్క అన్నం ముట్టలేదు, చేప ముట్టలేదు. చెట్ల మీద పండ్లు అయిపోయాయి. అందుకని ఆయన ఉప్పు కలిపి జాడీలో మాగబెట్టిన గుజ్జు పెట్టాను. ఆవురావురుమని తిన్నది. నాకు ప్రాణం లేచివచ్చి నాలుగు రోజులు అదే పెట్టాను. ఐదో రోజు వాంతులు, వణుకు. నిన్న పొద్దున పోయింది.

పక్క గదిలోని లెంబా తల్లి, "మీకు ఇంత వయసొచ్చింది, కుక్కకి అంత ఉప్పు పెడతారా పిన్నీ?" అన్నది. ఆమె మొగుడేమో, "ఉప్పు కాదు, పండే పడలేదు" అంటాడు. పండే అయితే పదేళ్ళూ ఆయన పెట్టింది తప్పు. ఉప్పే అయితే నా చేతుల్లోనే పోయింది. నన్ను ఓదార్చాలని కాక, నిజమే రాయి.

జాడీలో ఇంకా సగం ఉంది. ఆయన చేత్తో కలిపింది అదొక్కటే మిగిలింది. నీ జవాబు వచ్చేదాకా మూత తియ్యను, పారబొయ్యను.

మీ పెద్దమ్మ